రాతినార దుమ్ముతో వచ్చిన జబ్బుకి పరిహారం ఎలా అడగాలి

మా నాన్న ఇరవై రెండేళ్లు సిమెంట్ రేకుల ఫ్యాక్టరీలో పనిచేశారు. మొదట మిల్లు దగ్గర సంచులు కోసి రాతినార, అంటే ఆస్బెస్టాస్, పోసేవారు, తర్వాత ఫినిషింగ్ సెక్షన్‌లో రేకులు కోసేవారు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అమ్మ గుమ్మం బయటే చొక్కా విప్పించి, దండెం మీద వేసి దులిపేది. ఎండలో ఆ దుమ్ము తళుక్కుమనేది. అది ప్రాణం తీసే దుమ్మని మాకెవరూ చెప్పలేదు.

రిటైరైన ఏడాదికి ఆయాసం మొదలైంది. ఒక ఆస్పత్రిలో ఉబ్బసం అన్నారు. ఇంకోచోట టీబీ అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. చివరికి సీటీ స్కాన్‌లో ఆస్బెస్టాసిస్, అంటే రాతినార దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అని తేలింది. అప్పటికి మా దగ్గర ఐదు ఆస్పత్రుల చీటీలు ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ ఆయన ఏం పని చేసేవారో రాసి లేదు. వృత్తి అన్న చోట అందరూ 'రిటైర్డ్' అని రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క మాట వల్ల మా కేసు ఏడాదిన్నర ఆలస్యమైంది. మీకు ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను. ఈ కేసుల్లో అన్నిటికన్నా ముందు కావలసింది జబ్బునీ, చేసిన పనినీ ఒకే పేజీలో కలిపే కాగితం. మిగతా పనులన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు: ఇది మీ సంగతేనా?

సిమెంట్ రేకులు, పైపులు, బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేసినవారు, థర్మల్ స్టేషన్లలో బాయిలర్లకీ ఆవిరి పైపులకీ లాగింగ్ (వేడి బయటికి పోకుండా చుట్టే పొర) కట్టినవారు లేదా పాత లాగింగ్ ఊడదీసినవారు, పాత ఓడలు విప్పినవారు, గనుల్లో పనిచేసినవారు ఇది చదవాలి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. అక్కడ రాయి కొట్టిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లకీ ఇది వర్తిస్తుంది.

ఈ దుమ్ము వల్ల ముఖ్యంగా మూడు జబ్బులు వస్తాయి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్. దుమ్ము పీల్చిన పది నుంచి నలభై ఏళ్ల తర్వాత కూడా ఇవి బయటపడతాయి. "ఎప్పుడో మానేశాను కదా" అని కొట్టిపారేయకండి. ఈ మూడు జబ్బులనీ మన చట్టం వృత్తి వ్యాధులుగా గుర్తించింది. ఆ పని చేసినవారికి ఈ జబ్బు వస్తే, పనిలో ప్రమాదం జరిగినట్టే లెక్క.

మొదటి పని: డాక్టరు చేత రాయించడం

ఛాతీ డాక్టరు, అంటే పల్మనాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కుర్చీలో కూర్చోగానే దగ్గు గురించి కాకుండా పని గురించి మొదలుపెట్టండి. "నేను ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేశాను, దయచేసి ఈ మాట ఓపీ చీటీ మీద రాయండి" అని అడగండి. మర్యాదగా అడగండి, కానీ రాసేదాకా లేవకండి. డాక్టరుకి సులువుగా ఉండేలా ఒక తెల్లకాగితం మీద మీ పని చరిత్ర ముందే రాసి తీసుకెళ్లండి: ఏ ఫ్యాక్టరీ, ఏ సెక్షన్, ఎన్నేళ్లు, దుమ్ము ఎంత ఉండేది, మాస్క్ ఇచ్చేవారా లేదా. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకోమనండి.

చేయించాల్సిన పరీక్షలు మూడు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఆర్‌సీటీ స్కాన్, ఊపిరి ఎంత పడుతోందో కొలిచే పీఎఫ్‌టీ. పీఎఫ్‌టీలో గొట్టంలోకి గాలి ఊదే స్పైరోమెట్రీ ఒక్కటే చేసి పంపేస్తుంటారు. డీఎల్‌సీఓ అనే కొలత కూడా కావాలని అడగండి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎంత చేరుతోందో అందులో తెలుస్తుంది. పని సామర్థ్యం ఎంత పోయిందని తేల్చేటప్పుడు ఇదే అక్కరకొస్తుంది. ఎక్స్‌రేని అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిలో చదివే డాక్టరు దొరికితే ఇంకా మంచిది.

స్కాన్ రిపోర్టులో ప్లూరల్ ప్లాక్స్ అన్న మాట కనిపిస్తే దాని కింద గీత గీసి పెట్టుకోండి. అవి ఊపిరితిత్తుల పైపొర మీద పడే మచ్చలు. వాటంతట అవి పెద్దగా బాధ పెట్టకపోవచ్చు. కానీ మనిషి రాతినార పీల్చాడు అనడానికి అవి చాలా బలమైన సాక్ష్యం.

క్యాన్సర్ అనుమానంతో బయాప్సీ తీస్తే, ఆ ముక్కని మైనం దిమ్మలో దాచే బ్లాక్‌నీ, స్లైడ్లనీ పారేయవద్దని ల్యాబ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత వేరే నిపుణుడు చూడాల్సి రావచ్చు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, అంటే ఎన్ఐఓహెచ్, ఈ జబ్బుల మీద దేశంలో పెద్ద దిక్కు. దాని దక్షిణాది కేంద్రం బెంగళూరులో ఉంది. జబ్బు మీద వివాదం వస్తే వాళ్ల అభిప్రాయానికి బరువు ఉంటుంది.

ఇంకో మాట. ఫ్యాక్టరీ కార్మికుడికి ఆస్బెస్టాసిస్ ఉందని గుర్తించిన డాక్టరు, ఆ సంగతిని చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్‌కి రాతపూర్వకంగా తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది; 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2020 కూడా అదే చెబుతోంది. చాలామంది డాక్టర్లు తెలపరు, కొందరికి ఆ సంగతే తెలియదు. మీరే గుర్తుచేయండి. ఆ రిపోర్టు ఒకటి వెళ్లిందంటే మీ జబ్బు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కినట్టే.

రెండో పని: అక్కడ పనిచేశామని రుజువు

అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లు ఇంట్లో ట్రంకుపెట్టె వెతకండి. పాత పీఎఫ్ స్లిప్పు దొరికితే దాని మీద నంబరు చూడండి. ఏపీ, తర్వాత ప్రాంతం కోడ్, తర్వాత కంపెనీ కోడ్, చివర మీ నంబరు వరసగా ఉంటాయి. కంపెనీ మూతపడినా, పేరు మార్చుకున్నా, ఆ కోడ్‌తో పీఎఫ్ ఆఫీసులో కూపీ లాగొచ్చు. ఈఎస్ఐ కార్డు, జీతం చీటీలు, గేట్ పాస్, టోకెన్ బిళ్ళ, బోనస్ కవరు, యూనియన్ చందా రసీదు, యూనిఫామ్‌తో దిగిన ఫోటో, ఏదైనా పనికొస్తుంది. మా నాన్న కేసులో ఆయన ఏ సెక్షన్‌లో చేశారో చూపించింది ఒక ఓవర్‌టైమ్ చీటీ. అరచేయంత పసుపు కాగితం, మీద 'కటింగ్' అని స్టాంపు. అమ్మ దాన్ని రేషన్ కార్డులో మడిచి దాచింది.

పక్కన పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురి చేత నోటరీ అఫిడవిట్లు రాయించండి. వాళ్లలో ఎవరికైనా ఇదే జబ్బు ఉంటే అందరూ కలిసి వేయండి. ఒక్కరి మాట కన్నా నలుగురి మాటని కొట్టిపారేయడం కష్టం.

ఇక కంపెనీ దగ్గరుండాల్సిన రికార్డు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో ఇచ్చిన తీర్పు మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని అందులో చెప్పింది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా దాచాలని ఆదేశించింది. 2011లో కల్యాణేశ్వరి కేసులో రాతినారని నిషేధించడానికి ఒప్పుకోలేదు కానీ, 1995 ఆదేశాలు అమలు కావాల్సిందేనని మళ్లీ చెప్పింది.

కంపెనీకి ఇలా రాయండి: "నేను మీ ఫ్యాక్టరీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా టోకెన్ నంబరుతో పనిచేశాను. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీరు దాచవలసిన నా ఆరోగ్య రికార్డు, ఎక్స్‌రేలు, నేను పనిచేసిన సెక్షన్‌లో దుమ్ము కొలతల కాపీలు 15 రోజుల్లో ఇవ్వగలరు." ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్న రుజువు మీ చేతికొస్తుంది, అధికారి ముందు అదీ మాట్లాడుతుంది. ఫ్యాక్టరీల శాఖకి కూడా ఆర్టీఐ వేసి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు అడగండి. గని కార్మికులైతే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ మైన్స్ సేఫ్టీకి వేయండి, ఫారం-ఓ అనే వైద్య పరీక్ష రిపోర్టుని పేరుపెట్టి అడగండి.

కాంట్రాక్టరు కింద చేసినవాళ్లు "మాకు కంపెనీతో సంబంధం లేదంటారేమో" అని టెన్షన్ పడతారు. కాంట్రాక్టు కూలీకి కూడా పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత అసలు యజమానికి ఉంది. కట్టింది తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల తలనొప్పి.

మూడో పని: ఏ గుమ్మం తొక్కాలో తేల్చుకోవడం

జీతంలో ఈఎస్ఐ కోత పడిందా లేదా అన్నది ముందు చూడండి. కోత పడిన ఉద్యోగంలో జబ్బు వచ్చిందంటే మీ దారి ఈఎస్ఐ. అక్కడి మెడికల్ బోర్డు పని సామర్థ్యం ఎంత శాతం పోయిందో తేలుస్తుంది, దాన్నిబట్టి బతికున్నంత కాలం నెలనెలా డబ్బు వస్తుంది. ఆ జబ్బుతో మనిషి పోతే భార్యాపిల్లలకి వస్తుంది. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలుకి వెళ్లొచ్చు. ఈఎస్ఐ వర్తించేవారు అదే జబ్బుకి యజమాని మీద పరిహారం కేసు వేయలేరు. రెండు పడవల మీద కాళ్లు పెట్టబోయి టైం పోగొట్టుకోకండి.

ఈఎస్ఐ లేనివారు కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద అక్కడి ఉప కమిషనరో, సహాయ కమిషనరో కేసు వింటారు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పరిహార చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ 2020లో ఉన్నాయి. వృత్తి వ్యాధుల జాబితా ఆ కోడ్‌లోనూ ఉంది. మీ జబ్బు ఏ తేదీన బయటపడిందన్న దాన్నిబట్టి పాత చట్టం కిందా, కోడ్ కిందా అన్నది మారుతుంది. అది లాయరు చేత తేల్చుకుని దరఖాస్తులో రాయండి.

కేసు వేయడానికి ఫ్యాక్టరీ ఉన్న ఊరికే పోనక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలో కూడా వేయొచ్చు. సూరత్‌లోనో భివండిలోనో చేసి ఊరికి తిరిగొచ్చిన వాళ్లకి ఇది చాలా పెద్ద వెసులుబాటు.

నాలుగో పని: గడువు

ఇది ఒకటికి రెండుసార్లు చదవండి. పరిహారం దరఖాస్తుకి గడువు రెండేళ్లు. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, మొదట బయటపడిన రోజునే ప్రమాదం జరిగిన రోజుగా పాత చట్టం తీసుకుంటుంది. అందుకే ఆయాసంతో మొదట చూపించుకున్న చీటీ ఎంత చిన్నదైనా పారేయకండి.

మానేసిన పదేళ్లకో ఇరవై ఏళ్లకో జబ్బు బయటపడితే? ఈ కేసుల్లో అసలైన పోరాటం ఇదే. గడువు దాటిందని కంపెనీ లాయరు ఇక్కడే పట్టుబడతాడు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే దరఖాస్తు తీసుకునే అధికారం కమిషనర్‌కి ఉంది. అందుకని ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ తప్పకుండా జతచేయండి. ఈ జబ్బు దశాబ్దాల తర్వాతే బయటపడుతుందని, అందుకే సుప్రీంకోర్టు 40 ఏళ్ల రికార్డు అడిగిందని అందులో రాయించండి. టీబీ అని తప్పుగా మందులు వాడించిన కాలాన్ని తేదీలతో సహా చూపించండి. అక్కడా తోసిపుచ్చితే హైకోర్టులో అడగొచ్చు. కచ్చితంగా గెలుస్తారని నేను చెప్పలేను. కానీ జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి మీరు పోగొట్టే ప్రతి నెలా ఆ వాదనని పలచన చేస్తుంది.

ఐదో పని: నోటీసు, దరఖాస్తు

ముందు యజమానికి నోటీసు పంపాలి. పేరు, చిరునామా, జబ్బు పేరు, అది బయటపడిన తేదీ, దానికి కారణమైన పని, ఇవి ఉంటే చాలు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి రసీదు అట్టిపెట్టుకోండి. కంపెనీ స్పందించకపోతే, లేదా తక్కువ ఇస్తానంటే, దరఖాస్తు వేయండి. కంపెనీ తన ఖర్చుతో మిమ్మల్ని డాక్టరుకి చూపిస్తానంటే వద్దనకండి. కారణం లేకుండా నిరాకరిస్తే మీ హక్కు ఆగిపోతుంది. మీ పాత రిపోర్టుల జిరాక్సులు మాత్రమే ఇవ్వండి, ఒరిజినల్స్ చేయి దాటనివ్వకండి.

ఎంత వస్తుందో లెక్క చూద్దాం. 2020 జనవరి నుంచి ఉన్న లెక్కలో నెల జీతం ఎంతున్నా గరిష్ఠంగా 15,000 రూపాయలే తీసుకుంటారు. పని సామర్థ్యం పూర్తిగా పోతే అందులో 60 శాతాన్ని వయసుని బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 55 ఏళ్ల మనిషికి ఆ అంకె 135.56. అంటే 9,000ని 135.56తో గుణిస్తే 12,20,040 రూపాయలు. మనిషి చనిపోతే 50 శాతం లెక్క, అదే వయసుకి 10,16,700. సామర్థ్యం 40 శాతం పోయిందని తేలిస్తే 12,20,040లో 40 శాతం, అంటే 4,88,016. వైద్య ఖర్చులు వేరే. గడువులో కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా వేయొచ్చు.

ఆ శాతం దగ్గర చాలామంది మోసపోతున్నారు. ఊపిరితిత్తులు 40 శాతం దెబ్బతినడం వేరు, సంపాదించే శక్తి 40 శాతం పోవడం వేరు. బస్తాలు మోసి బతికే మనిషి పది అడుగులు వేయగానే ఆగి గోడ పట్టుకుంటుంటే, అతను ఏ కూలి పని చేయగలడు? 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో, ఎడమ చేయి పోయాక వడ్రంగం చేయలేడు కాబట్టి పూర్తి పరిహారం ఇవ్వాల్సిందే అంది. డాక్టరు సర్టిఫికెట్‌లో "ఈయన ఇంతకుముందు చేసిన పనిగానీ, శరీర శ్రమతో కూడిన వేరే పనిగానీ చేయలేరు" అన్న వాక్యం ఉండేలా చూసుకోండి.

కంపెనీ చెప్పే మాటలు

"బీడీలు తాగేవాడు" అనేది మొదటి మాట. బీడీ వల్ల ఆస్బెస్టాసిస్ రాదు, మీసోథీలియోమా రాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం రాతినార, పొగ రెండూ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. అంతమాత్రాన కంపెనీ బాధ్యత పోదు. ఈ మూడూ మీ డాక్టరు నోట చెప్పించండి.

రెండోది కవరు. మా ఇంటికి కంపెనీ తరఫున ఒకాయన వచ్చి, యాభై వేలు బల్ల మీద పెట్టి, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆ రోజు నాన్న చేయి చాచబోయారు, ఇంట్లో అప్పులు అలా ఉన్నాయి. అమ్మ ఆపింది. మీకు తెలియాల్సింది ఇది: పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. చావు కేసుల్లో పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలి, ఇంటికి తెచ్చి చేతికిస్తే అది పరిహారం కింద లెక్కకి రాదు. ఇలాంటి కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉన్నా, మీ దారి మూసుకుపోలేదు.

లాయరు

పారిశ్రామిక కార్మికుడికి, ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్పింది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. సొంతంగా లాయరుని పెట్టుకుంటే, వచ్చేదాంట్లో ఇంత శాతం అని ఒప్పుకోకండి. అలా ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. గతంలో పరిహారం కేసులు చేశారా అని అడగండి. భూముల కేసులు మాత్రమే చేసే లాయరుకి డీఎల్‌సీఓ అంటే ఏంటో మీరు చెప్పాల్సి వస్తుంది.

బట్టలు ఉతికి, దుమ్ము దులిపి జబ్బు తెచ్చుకున్న భార్యలు ఈ చట్టం కిందికి రారు. అది అన్యాయమే. వాళ్లకి సివిల్ దావా దారి ఉంది, న్యాయ సేవాధికార సంస్థలోనే ఆ సలహా కూడా అడగండి. కనీసం వాళ్లకీ ఒక ఎక్స్‌రే తీయించండి.

మనిషి నీరసంగా ఉంటే

మీసోథీలియోమా అయితే ఎక్కువ కాలం ఆగదు. విచారణ దాకా ఎదురుచూడకుండా, మంచం దగ్గరికే వచ్చి వాంగ్మూలం నమోదు చేసేలా అడ్వకేట్ కమిషనర్‌ని నియమించమని దరఖాస్తు చేయండి. ఆలోపు ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఏ మిషన్, ఏ షిఫ్టు, సూపర్‌వైజరు ఎవరు, సంచుల మీద ఏం రాసి ఉండేది, అన్నీ అడగండి. ఒక్కసారే అన్నీ అడిగి అలసిపోనివ్వకండి. మేం రోజుకి పది నిమిషాల చొప్పున తీశాం. నాలుగో రోజు నాన్న ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి, ఇరవై రెండేళ్లు వాడిన తన టోకెన్ నంబరు చెప్పారు. పీఎఫ్ స్లిప్పు మీద చూస్తే చివర అదే నంబరు ఉంది.